డేరా వెనుక బ్యాండు

పదవీ విరమణ చేసినవాళ్లను నాలుగు మాటలు రాయమంటే అందరం గెలిచిన కథలే రాస్తాం. మా జట్టు కప్పు తెచ్చింది, మా విద్యార్థి ఎస్సై అయ్యాడు, నేను నాటించిన వేపచెట్లు ఇప్పుడు బడికి నీడనిస్తున్నాయి. అలాంటివి నా దగ్గరా ఉన్నాయి. పెళ్లిళ్లలో పక్కన కూర్చున్నవాళ్లకు చెప్పి చెప్పి అరగదీశాను. ఇప్పుడే ఉద్యోగంలో చేరిన తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీకు మాత్రం వేరే సంగతి చెబుతాను. ఇది నేను ఓడిన కథ కూడా కాదు. ఓడినవాడికి కనీసం జాలి దక్కుతుంది. నాకు ప్రశంసాపత్రం దక్కింది.

ముప్పై ఏళ్లకు పైగా డ్రిల్లు సారుగా పనిచేశాను. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, ఈ మూడు చోట్లే నా బదిలీలన్నీ తిరిగాయి. బయ్యారం దగ్గర ఉన్నప్పుడు నా తెల్ల కాన్వాస్ బూట్లు నెల తిరక్కుండానే ఇటుక రంగుకు వచ్చేవి. కాటారం వైపు ఉన్నప్పుడు బస్సు హారన్ వినిపిస్తే కబడ్డీ ఆడుతున్న పిల్లలు కూత మధ్యలో ఆపి సంచులు అందుకునేవాళ్లు. ఈ సంగతి వీటిలో ఏ ఊళ్లో జరిగిందో చెప్పను. ఎవరికి వాళ్లు పక్క ఊరిదనుకుంటే నాకేం అభ్యంతరం లేదు.

కొత్త జిల్లాలు ఏర్పడిన రోజులవి. అప్పటిదాకా జెండా పండుగకు మా ఊళ్లో జెండా ఎగరేసి చాక్లెట్లు పంచితే సరిపోయేది. ఇప్పుడు మాకూ ఒక జిల్లా, ఒక మైదానం, ఒక పరేడ్. అన్నీ వచ్చాయి కానీ ముందు నడిచే బ్యాండు లేదు. ఒకరోజు ప్రధానోపాధ్యాయుడు నన్ను పిలిచాడు. మంచివాడే. పైనుంచి ఏ మాట వచ్చినా కిందికి దింపేసి చేతులు కడుక్కునే రకం.

"సార్, మన బడికి బ్యాండు తయారు చెయ్యాల్నట" అన్నాడు.

"పిల్లలకు వాయించుడు రావాలె గద సార్."

"వాయించుడు వచ్చినోళ్ల పిల్లలు లేరా మన బడిల?"

ఉన్నారు. బడికి రెండు వీధుల అవతల బ్యాండోళ్ల గల్లీ ఉంది. పదిహేను ఇళ్లు ఉంటాయేమో, దాదాపు అందరూ ముస్లింలు, తాతల కాలం నుంచి పెళ్లి బరాత్‌లకు వాయించేవాళ్లు. ఆ పిల్లలు మా బడిలోనే చదివేవాళ్లు. మిగతా పిల్లలు వాళ్లను పేరు పెట్టి పిలిచేవాళ్లు కాదు. వాళ్లు నడుస్తుంటే వెనకనుంచి నోటితో ట్రంపెట్ ఊదేవాళ్లు.

నేను గల్లీకి వెళ్లాను. మేళం పెద్ద అప్పటికే అరవై దాటిన మనిషి. అందరూ చాచా అంటే నేనూ చాచా అనే అన్నాను. వాకిట్లో కూర్చుని పెద్ద డ్రమ్ముకు కొత్త చర్మం బిగిస్తున్నాడు. సంగతి చెప్పాను. తాడు వదలకుండానే అడిగాడు.

"పరేడ్ల అంటే ఎవల ముంగట వాయిస్తరు సార్?"

"పెద్ద పెద్దోళ్లు ఉంటరు చాచా. కలెక్టరు, ఎమ్మెల్యే, అందరు."

"నిలబడి చూస్తరా, కూసోని చూస్తరా?"

"కుర్చీలేసుకొని కూసుంటరు. మన పిల్లలు వాళ్ల ముంగట నుంచి నడుసుకుంట పోతరు."

అప్పుడు తాడు వదిలాడు. "నలభై ఏండ్ల సంది మంది పెండ్లిండ్లకు వాయిస్తున్న సార్. మా పని వాకిలి దాకనే. వాకిలి దాటి వాళ్లు లోపలికి పోతరు, మేం గోడ పొంటి కూసుంటం. తాగినోడు మీద పడ్డా నవ్వుకుంట వాయించాలె. మా పిల్లలు నడుస్తుంటె కూసున్నోళ్లు చూసుడు... గది ఒక్కసారి నేను చూడాలె."

ఆయన అడిగింది అంతే. ఈ కథలో ఎవరికైనా ఏదైనా కావాలంటే, ఆ ఒక్కటే కావాలి. అది మీరు గుర్తుపెట్టుకోండి, నేను మరిచిపోయాను.

పద్నాలుగు మంది పిల్లలు వచ్చారు. పెద్ద డ్రమ్ము ఎవరు మోయాలన్న దగ్గర ఇబ్బంది వచ్చింది. మగపిల్లల్లో ఎవరి చెయ్యీ నిలకడగా లేదు. తాత పక్కన కూర్చుని విని విని నేర్చుకున్న చాచా మనుమరాలి చెయ్యి మాత్రం గడియారమే. ఎనిమిదో తరగతి పిల్ల. గల్లీలో కొందరు ఆడపిల్ల మెడలో డ్రమ్మేంది అన్నారు. చాచా వాళ్లకు ఒకటే మాట చెప్పాడు. "బరాత్‌ల అయితే నేనే ఒద్దంట. బడిల అయితె దాని ముంగట తాగినోడు ఎగురడు గద."

వాయించడం వాళ్లకు నేను నేర్పేది ఏమీ లేదు. నడవడం నేర్పాలి. పెద్ద డ్రమ్ము దెబ్బ మీద ఎడమ కాలు పడాలి, దెబ్బకూ దెబ్బకూ మధ్య అడుగు ఒక్కటే కొలత ఉండాలి. ఇదే నా విద్య అంతా. బరాత్ నడక వేరు. అది సాగుతుంది, ఆగుతుంది, వెనక్కి కూడా నడుస్తుంది. మొదటి వారం వీధిలో కవాతు తీయిస్తే ప్రతి చౌరస్తా దగ్గరా పద్నాలుగు జతల కాళ్లూ వాటంతట అవే ఆగిపోయాయి. చౌరస్తాలో పెళ్లికొడుకు దోస్తులు ఎగరాలి కదా, అందుకని. నేను విజిల్ ఊదుకుంటూ "ఈడ పెండ్లికొడుకు లేడురా, నడువుండ్రి!" అని అరిస్తే టీ కొట్టు దగ్గర కూర్చున్నవాళ్లు పొట్ట పట్టుకుని నవ్వారు. పిల్లలూ నవ్వారు. ఆ నెల రోజులూ నేను ఉద్యోగంలో సంతోషంగా ఉన్నానని ఒట్టేసి చెప్పగలను.

ఆ కవాతుల్లోనే ఒకనాడు ఒక సంగతి జరిగింది. పాత బజారు వీధిలో పోతున్నాం. ట్రంపెట్లు మంచి ఊపులో ఉన్నాయి. ఉన్నట్టుండి పెద్ద డ్రమ్ము ఆగింది, దాంతో పాటే అన్నీ ఆగాయి. ఎవరూ ఎవరికీ సైగ చేయలేదు. కానీ అడుగు ఆగలేదు. సైడ్ డ్రమ్ముల పిల్లలు చర్మం మీద కాకుండా డ్రమ్ము అంచు మీద పుల్లలతో టక్, టక్ అని కొడుతున్నారు. ఆ చప్పుడు మీదనే వరుస చెదరకుండా నడుస్తున్నారు. చూస్తే పక్కన ఒక ఇంటి ముందు టెంటు, బెంచీల మీద తల వంచుకున్న మనుషులు. ఆ ఇల్లు దాటాక ఎక్కడ ఆపారో అక్కడి నుంచే మళ్లీ అందుకున్నారు.

సాయంత్రం చాచాను అడిగాను. "సావు ఇల్లు దాటేటప్పుడు వాయించం సార్. పీనుగ ఎదురొచ్చినా అంతే. ఎవలదైనా, ఏ జాతోళ్లదైనా. ఎంత పెద్దోని పెండ్లైనా గానీ. మా బాప్ నేర్పిండు, ఆయనకు వాళ్ల బాప్. అడుగు ఆగద్దు, చేతులు ఆగాలె" అన్నాడు.

మర్నాడు ప్రార్థన సమయంలో బడి మొత్తం ముందు ఆ పిల్లలను నిలబెట్టి చెప్పాను. క్రమశిక్షణ అంటే ఇది, ఎవరూ విజిల్ ఊదకుండా పద్నాలుగు మంది ఒకేసారి ఆగడం, ఆగి కూడా నడవడం, ఇది నా ఇన్నేళ్ల సర్వీసులో చూడలేదు అన్నాను. క్రమశిక్షణ అన్న మాటే వాడాను. ఎందుకు చెబుతున్నానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

మొదటి ఏడాది జెండా పండుగకు బడిలో వాయించారు. రెండో ఏడాది మండలాఫీసు ముందు నిలబడి వాయించారు. మూడో ఏడాది పిలుపు వచ్చింది. పెద్ద మైదానంలో పరేడ్ ముందు మా బ్యాండే నడవాలి. గల్లీలో ఆ మాట చెప్పిన రోజు నాకు మూడు ఇళ్లలో చాయ్ తాగక తప్పలేదు.

బట్టలు లేవు. ఉన్న డబ్బు డ్రమ్ములకే అయిపోయింది, కుట్టించడానికి బడి దగ్గర ఏమీ లేదు. చాచా పెట్టె తెరిచి మేళం కోట్లు ఒక సెట్టు మొత్తం బయటికి తీశాడు. ఎర్రవి, భుజాల మీద బంగారు జరీ కుచ్చులు. పెద్ద పెళ్లిళ్లకని దాచుకున్నవి. పరేడ్‌కు ఇవి పనికిరావు, నీలం కావాలి అన్నాను. ఆడవాళ్లంతా వాకిళ్లలో కూర్చుని బ్లేడుతో జరీ విప్పారు, పిల్లల కొలతకు కత్తిరించారు, పెద్ద గుండిగలో నీలం రంగు కాచి ముంచారు. ఎరుపు మీద నీలం ఎలా పడుతుందో నాకూ తెలియదు, వాళ్లకూ తెలియదు. కొన్ని నీలంగా వచ్చాయి, కొన్ని వంకాయ రంగులో వచ్చాయి. ఎండలో ఆరేసి చూసి అందరం నవ్వుకున్నాం. దూరం నుంచి ఒకటే తీరుగా ఉన్నాయి అని నేనే అన్నాను.

పండుగకు ముందు రోజు మైదానంలో రిహార్సల్. ఏర్పాట్లు చూసుకునే అధికారి ఒకాయన గొడుగు కింద నిలబడి చూశాడు. పిల్లలు ఒక్క తప్పు లేకుండా నడిచారు. ఆయన నన్నూ, ప్రధానోపాధ్యాయుణ్నీ పక్కకు పిలిచాడు.

"వాయించుడు బాగనే ఉంది. గీ డ్రెస్సులు ఏంది సార్? టీవీలోళ్లు వస్తున్నరు రేపు. మంది నవ్వుతరు."

ప్రధానోపాధ్యాయుడు నా వైపు చూశాడు. నేను బూట్ల వైపు చూసుకున్నాను.

"ఆ ప్రైవేటు స్కూలోళ్లు తెల్ల డ్రెస్సులు, టోపీలకు ఈకలు, కొత్త డ్రమ్ములు తెచ్చుకున్నరు. కానీ వాళ్లకు ఇంకా వాయించుడు రాదు. ఒక పని చేద్దాం. వాళ్లు నడుస్తరు. మీ పిల్లలు వీఐపీ డేరా ఎన్క నిలబడి వాయిస్తరు. ఒక మైకు పెడదాం. ఎవలికి ఎర్క అయితది?"

తమ్ముళ్లూ, ఇలాంటి మాట విన్నప్పుడు రక్తం మరుగుతుందని మనం అనుకుంటాం. నాకు మరగలేదు. ఆ గొడుగు కింద నేను ఆలోచించింది ఒక్కటే. రేపటి ప్రశంసాపత్రాల జాబితాలో నా పేరుంది. ఉత్తమ ఉద్యోగి. జాబితా ఆ అధికారి చేతిలోని ఫైల్లోనే ఉంది. సర్వీసు మొత్తంలో మొదటిసారి. నా భార్య అప్పటికే చుట్టాలకు ఫోన్లు చేసింది.

"జర చూస్కొని చెయ్యుండ్రి సార్, పిల్లలు చిన్నబుచ్చుకుంటరు" అన్నాను. అది అడ్డు చెప్పడం కాదు. ఒప్పుకున్నాక మర్యాద కోసం అనే మాట. ఆయనకూ అది తెలుసు.

పిల్లలకు నేనే చెప్పాను. ఎలా చెప్పానో కూడా దాచను. "మీ డ్రమ్ము లేకుంటె వాళ్ల అడుగు పడదు. అసలు బ్యాండు మీరే, వాళ్లు ఉత్త బొమ్మలు" అన్నాను. పెద్ద డ్రమ్ము పిల్ల ఒక్కతే అడిగింది.

"తాత వస్తుండు సార్. ఏ దిక్కు కూసోమని చెప్పాలె?"

"ముంగటనే కూసోమను" అన్నాను.

మర్నాడు పొద్దున చాచా ఇస్త్రీ చొక్కా వేసుకుని, కళ్లకు సుర్మా పెట్టుకుని జనం కోసం కట్టిన తాడు దగ్గర మొదటి వరుసలో నిలబడ్డాడు. గల్లీ సగం ఆయన వెనకే ఉంది. పిల్లలు ఇంట్లో ఏమీ చెప్పలేదు. తాతలను బాధపెట్టడం ఇష్టం లేక చెప్పలేదో, నేను ఆఖరి నిమిషంలో ఏదో ఒకటి చేస్తానని నమ్మి చెప్పలేదో నాకు తెలియదు. రెండోదే అని ఒక్కోసారి అనిపించి ఆ రాత్రికి నిద్ర పట్టదు.

డేరా వెనుక పద్నాలుగు మంది వంకాయ రంగు కోట్లలో నిలబడ్డారు. వాళ్ల ముందు డేరా గుడ్డ, వెనక తాడు కట్టిన రోడ్డు. నేను డేరా మూలన నిలబడి మైదానం చూస్తూ రుమాలుతో సైగ చేయాలి. రుమాలు ఊపాను. మైకులోంచి డ్రమ్ము మోగింది. తెల్ల దుస్తుల పిల్లలు ఈకలు ఊపుకుంటూ నడక మొదలుపెట్టారు. వాళ్ల పెద్ద డ్రమ్ము కుర్రాడు దెబ్బ పడ్డాక పుల్ల ఎత్తుతున్నాడు. అయినా జనం చప్పట్లు కొట్టారు.

చాచా చప్పట్లు కొట్టలేదు. ఆయన మొదట తెల్ల వరుసలో వెతికాడు. తర్వాత వెతకడం మానేసి తల పక్కకు వాల్చి విన్నాడు. ఆ చెయ్యి ఆయన నేర్పిందే. ఏ దిక్కు నుంచి వస్తోందో కాసేపట్లోనే పట్టేశాడు. మైదానం అంతా ఈకల వైపు చూస్తుంటే ఆయన ఒక్కడే డేరా వైపు చూస్తున్నాడు. నేను మూలనుంచి తప్పుకుని కాస్త వెనక్కి జరిగాను.

వరుస సరిగ్గా పెద్దల కుర్చీల ముందుకు వచ్చింది. సెల్యూట్ కోసం పెద్దలు లేచారు. అప్పుడు ఆగింది.

డ్రమ్ము, ట్రంపెట్లు అన్నీ ఒక్కసారే ఆగాయి. మైకులో టక్, టక్ మని పుల్లల చప్పుడు మాత్రం వినిపిస్తోంది. మైదానంలో తెల్ల దుస్తుల పిల్లలు ఉత్త చేతులు ఆడిస్తూ నాలుగడుగులు వేశారు. ట్రంపెట్ పిల్లాడు బుగ్గలు పూరించే ఉన్నాడు. పెద్ద డ్రమ్ము కుర్రాడు భయపడి నిజంగానే ఒక దెబ్బ వేశాడు, అది ఎక్కడో పడింది. ఎవరో ఈల వేశారు. తర్వాత జనం మొత్తం నవ్వారు. అంత నవ్వు ఆ మైదానం మళ్లీ చూసి ఉండదు.

నేను వెనక్కి తిరిగాను. రోడ్డు మీద ఒక పాడె పోతోంది. ముందు తడిబట్టలతో నిప్పుకుండ పట్టుకున్న ఒకతను, వెనక పది పదిహేను మంది. డప్పుల వాళ్లు డప్పులు చంకలో పెట్టుకుని నడుస్తున్నారు. పరేడ్ జరుగుతోంది, చప్పుడు చేయకుండా దాటండని బందోబస్తు వాళ్లు ఆపించారట. అందుకే డేరా ఇవతల ఉన్నవాళ్లకు ఎవరికీ తెలియలేదు. నా పిల్లలు రోడ్డు వైపు తిరిగి నిలబడి, అంచుల మీద పుల్లలు ఆడిస్తూ, ఉన్నచోటనే అడుగు తొక్కుతున్నారు.

నేను రుమాలు పిచ్చివాడిలా ఊపాను. వాయించండని చేతులతో, కళ్లతో సైగ చేశాను. ఆ పిల్ల నన్ను చూసింది. తల అడ్డంగా ఊపింది. పెద్దసారు పొరపాటు పడితే మెల్లగా సరిదిద్దే మర్యాదైన ఊపు అది. పాడె మలుపు తిరిగేదాకా ఆగి, ఆపిన చోటు నుంచే దెబ్బ వేసింది. అప్పటికి మైదానంలో తెల్ల వరుస చెల్లాచెదురై ఉంది.

మళ్లీ మూలకు వచ్చి మైదానం వైపు చూశాను. జనం ఇంకా నవ్వుతూనే ఉన్నారు. చాచా ఒక్కడు రెండు చేతులూ ముందు కట్టుకుని, తల వంచి నిలబడ్డాడు. ఆయనకు రోడ్డు కనిపించదు. కానీ ఆ చప్పుడుకు అర్థం ఆయనకు తెలుసు. అక్కడెక్కడో ఒక మనిషి ఆఖరి దారిన పోతున్నాడని అంత జనంలో ఆయనకు ఒక్కడికే అర్థమైంది.

అధికారి డేరా పక్కనుంచి ఊడిపడ్డాడు. "ఎవరు ఆపమన్నరు? ఎవరు ఆపమన్నరు?"

"సావు పోతుంది సార్" అంది పెద్ద డ్రమ్ము పిల్ల. ఆయన మొహం చూసి, మాట సరిపోలేదనుకుని నా వైపు తిరిగింది. "గప్పుడు వాయించొద్దు గద సార్. మీకు ఎర్కే గద."

నాకు ఎరుకే. బడి మొత్తం ముందు నిలబెట్టి మెచ్చుకున్నవాణ్ని నేనే. "తర్వాత మాట్లాడుదాం" అన్నాను.

కార్యక్రమం ఆగలేదు. ఉపన్యాసం అయింది, శకటాలు పోయాయి. ప్రశంసాపత్రాలు పంచేటప్పుడు మైకులో నా పేరు పిలిచారు. వెళ్లకపోవచ్చు. కాళ్లు నా మాట వినలేదని రాస్తే బాగుంటుంది కానీ, అది అబద్ధం. నేనే చొక్కా సర్దుకుని వెళ్లాను. విధి నిర్వహణలో అంకితభావం చూపినందుకు అని అచ్చు వేసి ఉంది. ఫోటో తీసేటప్పుడు కొంచెం నవ్వాను కూడా.

మూడో రోజు బడికి మెమో వచ్చింది. వాయిద్యంలో అంతరాయానికి కారణం తెలపాలి. ప్రధానోపాధ్యాయుడు తెల్లకాగితం నా ముందు పెట్టాడు.

"ఉన్నదే రాద్దాం సార్. పాడె పోయింది, వాళ్ల కట్టుబాటు ప్రకారం ఆపిండ్రు" అన్నాను. ఆ ఒక్కమాటకు నాకు నేను కొన్ని మార్కులు వేసుకున్నాను ఆనాడు.

"రోడ్డు డేరా ఎన్క ఉంది. పరేడ్ల నడిచేటోళ్లకు పాడె ఎట్ల కనవడ్డది అని అడుగుతరు. డేరా ఎన్క ఎవలున్నరని అడుగుతరు. అప్పుడు పైన సార్ ఇరుకుతడు. ఆయన ఇరికితె మనల్ని ఊకె ఉంచుతడా? మీకు సర్వీసు ఎంత ఉంది ఇంకా?"

రాశాను. వాక్యం ఇప్పటికీ నోటికి వస్తుంది. "విద్యార్థులు ఉపాధ్యాయుని ఆదేశం లేకుండా వాయిద్యమును నిలిపివేసినారు. ఇది వారి క్రమశిక్షణా లోపము మాత్రమే. ఇట్టిది పునరావృతం కాకుండా చూచుకొనగలము." విడిగా చూస్తే మొదటి వాక్యంలో అబద్ధం లేదు. నేను ఆదేశం ఇవ్వలేదు, వాళ్లు ఆపారు. ఆ క్రమశిక్షణ అన్న మాట దగ్గర కలం ఒక్క క్షణం ఆగింది. తర్వాత నడిచింది.

పిల్లలతో క్షమాపణ పత్రాలు రాయించి జతపరచమన్నారు. పదమూడు మంది సంతకాలు పెట్టారు. ఆ పిల్ల పెట్టలేదు.

"ఏం తప్పు చేసినమని రాయాలె సార్?"

"నడిమిట్ల ఆపినందుకు బిడ్డా."

"ఆపకుంటెనే తప్పు గద సార్?"

పత్రం లేకపోతే ఫైలు కదలదు. ఫైలు కదలకపోతే విచారణకు మనిషి వస్తాడు. నేను చాచాను పిలిపించాను. ఆయన వచ్చి ఆఫీసు గది గుమ్మం బయటే నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు. నేను సంగతంతా చెప్పాను. డేరా గురించి ఆయన అడుగుతాడని, నిలదీస్తాడని గుండె గట్టి చేసుకుని కూర్చున్నాను. ఆయన ఒకటే అడిగాడు.

"సైన్ చెయ్యకుంటె మీ నౌకరీకి పరేషాన్ ఉన్నదా సార్?"

నేను తల ఊపాను. నౌకరీ పోయేంతది కాదు, ఒక ఇంక్రిమెంటు ఆగేది, అంతే. ఆ తేడా నేను చెప్పలేదు.

చాచా మనుమరాలి వైపు తిరిగాడు. "సైన్ చెయ్ బేటా. సార్ పిల్లలు ఉన్నోడు."

ఆ పిల్ల సంతకం పెట్టింది. అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా, ఒకే కొలతలో ఉన్నాయి. కలం మూతపెట్టి నా బల్ల మీద పెట్టి, నా మొహం చూడకుండా తాత వెంట వెళ్లిపోయింది. ఆ కాగితాలు సరిపోయాయి, బ్యాండు రద్దయింది. బడి డ్రమ్ములు స్టోరు గదిలో పెట్టి తాళం వేశాం. వానాకాలానికి ఎలుకలు చర్మాలు కొరికేశాయి. కోట్లు చాచా తిరిగి తీసుకెళ్లాడు, కానీ జరీ లేని నీలం కోట్లతో ఏ బరాత్‌కు పోతారు?

ఆ ప్రశంసాపత్రం చాలాకాలం మా ఇంటి ముందు గదిలో వేలాడింది. నేను తీయలేదు. సున్నం వేసేటప్పుడు పనివాళ్లు తీశారు, మళ్లీ పెట్టడం మరిచిపోయామని ఇంట్లో చెప్పుకున్నాం.

అదే బడిలో నా పదవీ విరమణ రోజున తోటి ఉపాధ్యాయులు ఆచారం ప్రకారం ఊరేగింపు ఏర్పాటు చేశారు. పూలు కట్టిన జీపు, శాలువాలు, బ్యాండు. ఆ ఊళ్లో బ్యాండు అంటే ఒకటే గల్లీ. నాకు చెప్పకుండా పిలిచారు, సంతోషపడతానని. బడి గేటు బయటికి వచ్చేసరికి చాచా నిలబడి ఉన్నాడు. బాగా తగ్గిపోయాడు. వెనక రోజువారీ పాత ఎర్రకోట్లలో మేళం, అందులో ముగ్గురు నా దగ్గర నడక నేర్చుకున్నవాళ్లు. ఇప్పుడు మీసాలు వచ్చాయి.

"మనుమరాలు మంచిగున్నదా చాచా?"

"మంచిగుంది సార్. కాలేజీకి పోతుంది. డ్రమ్ము అయితే ముట్టుత లేదు."

మెడలో దండలు సర్దుకుని జీపు ఎక్కబోతుంటే ఆయన దగ్గరికి వచ్చాడు. "సార్, మేం ముంగట నడువాల్నా, ఎన్క నడువాల్నా?"

పక్కనున్న సార్లు నవ్వారు. "గదేం అడుగుడు చాచా, బ్యాండు ఎప్పుడన్న ఎన్క నడుస్తదా?" అన్నారు. చాచా వాళ్లవైపు చూడలేదు. "సార్ చెప్పాలె" అన్నాడు. ఆయన మొహంలో ఎగతాళి వెతికాను, కోపం వెతికాను. దొరికితే కొంత తేలికపడేవాణ్ని. పని తీసుకున్న మనిషి పని గురించి అడుగుతున్న మొహం అది, అంతే.

"ముంగటనే చాచా" అన్నాను. ఆయనకు వినిపించక రెండోసారి అనాల్సి వచ్చింది.

"అచ్ఛా" అని తిరిగి చెయ్యెత్తాడు. ఒక్క దెబ్బ తప్పకుండా వాయించారు. ఆ ముగ్గురు మాత్రం బరాత్ నడక కాకుండా నేను నేర్పిన అడుగే వేస్తున్నారు, దెబ్బ మీద ఎడమ కాలు. చౌరస్తాల దగ్గర ఆగలేదు. దారి పొడవునా నాకు వాళ్ల వీపులే కనిపించాయి.

ఇల్లు వచ్చింది. మేళం ఆగింది. హారతి ఇచ్చారు, అందరూ చెప్పులు విడిచి లోపలికి పోతున్నారు. నేను జీపు దిగి చాచా చెయ్యి పట్టుకున్నాను. ఏళ్ల తర్వాత పట్టుకున్నాను. "లోపలికి రా చాచా. అందరితోని కూసోని తిని పోదువు" అన్నాను. బతిమాలినట్టే అన్నాను.

ఆయన చెయ్యి మెల్లగా విడిపించుకున్నాడు. "మా పని వాకిలి దాకనే గద సార్" అని డ్రమ్ము పట్టీ భుజానికి ఎత్తుకున్నాడు.